ట్యాంకు నిండా ఉన్నా దాహమే

చిట్టీ, బుజ్జీ,

సంక్రాంతికి వస్తూ సూర్యాపేట దాటాక మన పాత బండి ఆగిపోయింది గుర్తుందా? ముల్లు నిండు దగ్గరే ఉంది. ‘ట్యాంకు నిండా డీజిలు ఉంటే బండికి దాహమెందుకు వేసింది తాతయ్యా?’ అని చిట్టి అడిగింది. మీ నాన్న చిరాకులో ఉన్నాడు కనుక అప్పుడు నేను నోరు మెదపలేదు. ఇప్పుడు చెబుతాను.

మనం ఆగిన చోట కొబ్బరి బోండాలు తాగాం కదా. బుజ్జిగాడి గొట్టానికి చీలిక ఉంది. బుగ్గలు సొట్టలు పడేలా పీలుస్తున్నాడు, గుర్రుమని చప్పుడే గానీ నీళ్లు రావడం లేదు. బోండాం మాత్రం నిండుగానే ఉంది. బండి కథా అదే. ట్యాంకు బోండాం, వెనక నుంచి ఇంజను దాకా వచ్చే సన్నటి పైపు గొట్టం, పంపు బుజ్జిగాడి నోరు. ఆ పైపులో అక్కడక్కడ రబ్బరు ముక్కలు ఉంటాయి. ఏళ్ల తరబడి వేడికి ఎండి, క్లిప్పు బిగించిన చోట వెంట్రుకవాసి చీలతాయి. పంపు డీజిలుతో పాటు గాలినీ పీలుస్తుంది. గాలి నొక్కితే నలుగుతుంది, డీజిలు నలగదు. పంపు ఎంత నొక్కినా ఆ బుడగ నలిగి ఊరుకుంటుంది, డీజిలును ఇంజనులోకి చిమ్మేంత ఒత్తిడి రాదు. దీన్నే ఎయిర్ లాక్ అంటారు.

ఈ చీలిక దొంగది. బండి నడిచేటప్పుడు బయటికి చుక్క రానివ్వదు, లోపలికి గాలి పీలుస్తుందంతే. రాత్రి బండి ఆగి ఉంటే పైపులోని డీజిలు మెల్లగా ట్యాంకులోకి జారిపోతుంది. నెల రోజులుగా పొద్దున్నే బండి మొరాయిస్తున్నది అందుకే. మీ నాన్న కొత్త బ్యాటరీ వేయించాడు. పాపం, పాత బ్యాటరీ ఏ పాపం ఎరుగదు.

మెకానిక్ ఏం చేశాడో బుజ్జి చూశాడు. ఫిల్టరు తల మీది మీటను బొటనవేలితో టకటక నొక్కుతూ, పక్కనున్న స్క్రూ కాస్త వదులు చేశాడు. ముందు కల్లు ముంత పొంగినట్టు నురగ వచ్చింది. తర్వాత ఒక్కో బుడగ. ఆ తర్వాత లేత పసుపు ధార తెగకుండా వచ్చింది. స్క్రూ బిగించగానే బండి లేచింది.

ఆ నురగ చూస్తే నాకు మా నాన్న గుర్తొచ్చారు. మా పొలంలో ఆయిల్ ఇంజను ఉండేది. అది ఆగితే ఆయన స్పానరు పట్టుకుని ఇలాగే బుడగలు వదిలించేవారు. పైపు కారితే బట్టల సబ్బు మెత్తగా పిసికి అద్దేవారు. సబ్బు డీజిలులో కరగదు కనుక ఆ పూటకు ఆగేది. మర్నాడు పైపు మార్చాల్సిందే, సబ్బు వైద్యం ఇంటికి చేరేదాకానే. ఒకసారి పీపా లోంచి డీజిలు తీయడానికి గొట్టం నోట పెట్టి నేనే పీల్చాను. గుక్కెడు నోట్లోకి వచ్చింది. రెండు రోజులు పెరుగన్నం కూడా డీజిలు రుచే! నవ్వకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరు చెప్పినా మీరు అలా పీల్చవద్దు.

పంపు దాటాక బోండాం పోలిక చెల్లదు, అయినా వదలబుద్ధి కావడం లేదు. బుజ్జి ఆ నీళ్లు మింగకుండా పళ్ల సందునుంచి చిట్టి ముఖం మీదికి చిమ్మాడనుకోండి. పంపు అవతల జరిగేది అదే. ఒత్తిడిని బార్లలో కొలుస్తారు. మీ నాన్న మోటారు సైకిలు టైరులో ఒత్తిడి సుమారు రెండు బార్లు. మన బండి ఇంజను పైపులో వెయ్యి బార్లు దాటుతుంది. అక్కడ సూదిమొనంత కన్నం పడితే కంటికి కనబడని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. కారుతోందా అని ఇంజను నడుస్తుండగా వేలు పెట్టి చూడకూడదు. అలాంటి దెబ్బ చిన్న గాటులా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఆ తుంపర కాలిన పొగగొట్టం మీద పడితే మంట లేస్తుంది. మామూలుగా డీజిలు నెమ్మదస్తురాలు, వేడెక్కితే గానీ అంటుకోదు. పెట్రోలు అలా కాదు, చలిలో కూడా ఆవిరి వదులుతుంది, ఆ ఆవిరి గాలికన్నా బరువు కనుక నేల పట్టుకుని పాకుతుంది. బాబాయి కారులో పెట్రోలు వాసన వస్తే అద్దం దించి సర్దుకోవద్దు. బండి ఆపమని చెప్పి, దిగి, దూరంగా నిలబడండి.

మన బండికి రబ్బరు గొట్టాలు కొత్తవి వేయించాం. ఇంట్లో మిగిలిన నీళ్ల పైపు ముక్క వేద్దామన్నాడు మీ నాన్న. నేను కోప్పడ్డాను. డీజిలు తగిలితే అది ఉబ్బి మెత్తబడిపోతుంది.

ఇక మీకో పని. ఈ రాత్రి బండి ఆగాక ముందు భాగం కింద పాత వార్తాపత్రిక పరవమని నాన్నకు చెప్పండి. పొద్దున్నే చూడండి. ఏసీ నీళ్ల మరక ఎండిపోతుంది. డీజిలు మరక ఎండదు, బజ్జీలు కట్టిన కాగితంలా వెలుగుకు పట్టి చూస్తే అవతలి అక్షరాలు కనిపిస్తాయి. కాగితం ఏ చక్రం వైపు తడిసిందో బొమ్మ గీసి పంపండి. తడవకపోతే ఉత్త కాగితమే పంపండి.

మీ తాతయ్య