పోయిన పెనిమిటి పిలిస్తే పిచ్చీ కాదు, గాలీ కాదు

నర్సంపేట, పరకాల, జనగామ వైపు నుంచి తల్లిని కౌన్సెలింగ్‌కు తెచ్చే కొడుకులు, కోడళ్లు చాలాసార్లు ఇదే మాటతో మొదలుపెడతారు: "బాపు పోయిన కాన్నుంచి అమ్మ ఒక్కతే మాట్లాడుకుంటాంది, గాలి సోకిందేమో." అప్పటికే ఆమె చేతికి తాయెత్తు ఉంటుంది. ఇంట్లో ఫొటో తీసేసి, బట్టలు ఎవరికో ఇచ్చేసి ఉంటారు.

అపోహ: చనిపోయిన భర్త పిలిచినట్టు వినిపిస్తే పిచ్చి, లేదంటే దయ్యం.

రెండూ కాదు. ఏళ్లకేళ్లు ఒకరి అడుగుల చప్పుడుకు అలవాటుపడ్డ చెవి, దినాలు కాగానే ఎదురుచూడటం మానదు. వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టర్ భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం మంది ఇలాంటి అనుభవం చెప్పారు. ఎక్కువ మందికి అది ఊరటే. కానీ చాలామంది అప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

మామూలు దుఃఖంలో ఆ పిలుపు క్షణాల్లో పోతుంది. ఆయన చెలక నుంచి వచ్చే పొద్దుగూకే వేళకో, నిద్రపట్టే ముందో వినిపిస్తుంది. "లేడని ఎరుకే" అని ఆమే అంటుంది. దీనికి మందు అక్కర్లేదు. ఫొటో మళ్లీ గోడకు పెట్టండి. ఒక్క చొక్కా అయినా ఉతక్కుండా ఆమె దగ్గర ఉంచండి, ఆ వాసన ఆమెకు కావాలి. "మర్చిపో" అనకుండా "బాపు ఏమన్నడమ్మా?" అని అడగండి. పెత్రమాస నాడు పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చే మనకు, పోయినవాళ్లతో బంధం ఉండటం కొత్తేమీ కాదు కదా.

మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం వేయకండి. పెద్ద వయసులో వాటితో తూలి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది, మతిమరుపు పెరుగుతుంది.

భయపడాల్సినవి వేరే. "నా దగ్గరికి రా" అని ఆజ్ఞాపించే గొంతు, పొద్దంతా ఆగని మాటలు, తిండి మానేయడం ఉంటే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. రెండు మూడు రోజుల్లోనే రాత్రి పగలు తేడా తెలియకుండా తికమకపడితే అది దుఃఖం కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్ అయినా, కొన్ని బీపీ మాత్రలతో సోడియం తగ్గినా అలా అవుతుంది. రక్తం, మూత్రం పరీక్షలు చేయించాలి.

అపోహ: చావు గురించి అడిగితే ఆ ఆలోచన మనమే పెట్టినట్టు.

కాదు. "బతకాలని లేదా అమ్మా?" అని సూటిగా అడగండి, అడిగితే భారం దిగుతుంది. పత్తికి కొట్టే మందు డబ్బాలు మాత్రం ఆ రోజే ఇంట్లోంచి తీసేయండి.

అపోహ: ఏడూడు (సంవత్సరీకం) అయ్యాక ఏడిస్తే జబ్బే.

ఏడుపు జబ్బు కాదు. ఏడాది దాటాక కూడా దాదాపు రోజూ అదే తీవ్రతతో తపిస్తూ, లేచి పని చేసుకోలేక, మనుషులకు దూరమైతేనే దీర్ఘకాలిక దుఃఖమని అనుమానించాలి. దానికి చికిత్స ఉంది.

అపోహ: మగవాళ్లు తట్టుకుంటారు.

భార్య పోయిన ముసలాయన ఏడవడు, అంతే. షుగర్ మాత్ర ఏది, ఎప్పుడు వేసుకోవాలో పోయిన ఆమెకే తెలిసేది. మొదటి వారంలోనే మాత్రలను డబ్బాలో రోజువారీగా సర్ది, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఫోన్ చేసి తిన్నాడో లేదో అడగండి.

వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంత దూరం రాలేకపోతే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.