జుట్టు కాదు, ముళ్లే

ఈ కాక్టస్‌ను మొదటిసారి చూసినవాళ్లు ముందు చెయ్యి చాపుతారు. పాలనురుగులాంటి తెల్లటి జుట్టు ఒళ్లంతా కప్పి ఉంటుంది, నిమరకుండా ఉండలేం. కానీ చాపిన చెయ్యి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. ఆ మెత్తదనం కింద పసుపు పచ్చటి గట్టి ముళ్లు కాచుకుని ఉంటాయి.

దీని శాస్త్రీయ నామం సెఫలోసీరియస్ సెనిలిస్. సెనిలిస్ అంటే లాటిన్‌లో ముసలివాడికి చెందినది అని. అందరూ పిలిచే పేరు ఓల్డ్ మ్యాన్ కాక్టస్. పుట్టిల్లు మెక్సికో. ఇడాల్గో రాష్ట్రంలోని మెట్స్‌తిత్లాన్ లోయలో, సున్నపురాతి వాలుల మీద, కొమ్మలు పెద్దగా లేకుండా స్తంభంలా 10 మీటర్లు దాటి పెరుగుతుంది.

కాక్టస్‌లలో ముళ్లు అంటే రూపం మారిన ఆకులు. ఈ మొక్కలో ఆ ముళ్లే రెండు తీరులుగా వస్తాయి. గట్టివి లోపల ఉంటాయి, దారంలా సాగినవి బయటికి వేలాడతాయి. మనం జుట్టు అనుకునేది ఈ రెండో రకమే. అది అందం కోసం వచ్చింది కాదు. పగలు మండే ఎండ నేరుగా కాండానికి తగలకుండా అడ్డుపడుతుంది, రాత్రి చలి నుంచి కాపాడుతుంది. అందుకే లేత మొక్కకు, పెద్ద మొక్క చిగురు భాగానికి జుట్టు ఒత్తుగా ఉంటుంది. వయసు పైబడేకొద్దీ కింది భాగంలో జుట్టు రాలిపోయి బూడిదరంగు బెరడు బయటపడుతుంది. మొక్కకు జబ్బు చేసిందేమోనని కంగారు పడక్కర్లేదు.

జుట్టు కింద కాండం నిలువు మడతలతో ఉంటుంది. నీళ్లు దొరికితే హార్మోనియం తిత్తిలా ఆ మడతలు విచ్చుకుంటాయి, ఎండిపోతే ముడుచుకుంటాయి. చర్మం చిట్లదు. కాండం మీది పత్రరంధ్రాలు, అంటే గాలి పీల్చుకునే సన్నటి రంధ్రాలు కూడా రాత్రిపూటే తెరుచుకుంటాయి. చల్లటి వేళ కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని ఆమ్లరూపంలో దాచుకుంటుంది, పగలు రంధ్రాలు మూసుకుని దానితో ఆహారం తయారు చేసుకుంటుంది. పూలూ రాత్రివే, వాటి దగ్గరికి వచ్చేవి గబ్బిలాలు. అయితే పూత చూడాలంటే మొక్క కొన్ని మీటర్లు ఎదగాలి, దానికి చాలా ఏళ్లు పడుతుంది. కుండీలో పెంచేవాళ్లు పూల మీద ఆశ పెట్టుకోకపోవడమే మంచిది. జుట్టు చాలదా!

పెంపకంలో ఎక్కువ మంది చేసే తప్పు నీళ్లు. రోజూ కొంచెం కొంచెం పోయడం మొక్క మీద ప్రేమలా కనిపిస్తుంది కానీ వేళ్లు కుళ్లేది దానివల్లే. మట్టి మిశ్రమంలో సగానికి పైగా ముతక ఇసుక, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), చిన్న గులకరాళ్లు ఉండాలి. మట్టి కుండీ అయితే తడి త్వరగా ఆరుతుంది. మిశ్రమం అడుగుదాకా పొడిబారాకే మళ్లీ నిండుగా పోయాలి, చలికాలంలో దాదాపు మానేయాలి. మొదలు దగ్గర కాండం మెత్తబడిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఎండ తగ్గితే జుట్టు పలచబడుతుంది. అంతకంటే పెద్ద నష్టం, మొక్క కొస సన్నబడి పైకి సాగిపోతుంది. తర్వాత ఎండలో పెట్టినా సన్నబడిన చోటు మళ్లీ లావెక్కదు, ఆ నడుము అలాగే మిగిలిపోతుంది. నీడలో పెరిగినదాన్ని ఒక్కసారిగా ఎండలోకి తెచ్చినా కాండం మాడుతుంది. రెండు మూడు వారాలు మెల్లగా అలవాటు చేయాలి.

ఇక పిండినల్లి. తెల్లటి పురుగు తెల్లటి జుట్టులో దాక్కుంటే ఎవరికి కనిపిస్తుంది? వారానికోసారి జుట్టు పాయలుగా విడదీసి, మొదళ్లలో దూదిలాంటి ఉండలున్నాయేమో చూడాలి. కనిపిస్తే ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచేయడమే. జుట్టుకు దుమ్ము పట్టి మాసిపోతే కొందరు పలచటి సబ్బునీళ్లతో తల అంటినట్టు కడుగుతారు. అది ఎండ బాగా కాసే రోజున, సాయంత్రంలోగా పూర్తిగా ఆరేలా చేయాలి.

సొంతగడ్డ మీద ఇవి ప్రమాదంలో ఉన్న మొక్కలు. అడవిలోంచి పెరికి తెచ్చిన పెద్ద స్తంభం కంటే విత్తనం నుంచి పెంచిన చిన్న మొక్కను కొనడమే న్యాయం. దానికోసం ముసలితనం దాకా ఆగక్కర్లేదు. బొటనవేలంత కూడా లేని మొక్కకే తెల్లజుట్టు వచ్చేస్తుంది.