బటన్ మీది బత్తాయి బొమ్మ ఎందుకు మాయమవుతుంది?

నల్లగొండ, నకిరేకల్ ప్రాంతాల్లో బత్తాయి, నిమ్మ కొనుగోళ్ల లెక్కను కంప్యూటర్‌లో రాసుకోవడానికి ఎవరైనా సొంతంగా ఒక ప్రోగ్రాం తయారు చేసుకోదలిస్తే, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, తెరమీద కిటికీలు, బటన్లు గీయడానికి దానితోపాటే వచ్చే టికింటర్ సరిపోతాయి. కాటా పక్కన నిలబడి పనిచేసే మనిషి అక్షరాలు వెతుక్కోకుండా కాయను చూసి నొక్కగలగాలి కాబట్టి, అక్కడ బటన్ మీద బొమ్మ ఉండి తీరాలని నా అభిప్రాయం.

ఫోన్‌తో తీసిన ఫొటో సాధారణంగా జేపెగ్ రూపంలో ఉంటుంది. టికింటర్‌లో బొమ్మలు తెరిచే ఫొటోఇమేజ్ దాన్ని చదవలేదు; జిఫ్ అనే బొమ్మల రూపాన్ని మొదటినుంచీ, పీఎన్‌జీ అనే మరో రూపాన్ని టికింటర్ వెనక పనిచేసే టీకే అనే పనిముట్టులో 2012లో వచ్చిన 8.6 నుంచీ చదువుతుంది. అందుకే జేపెగ్ కోసం పిల్లో అనే లైబ్రరీని (సిద్ధంగా దొరికే కోడ్ సంపుటిని) తెచ్చుకుంటారు. పరిమాణం తగ్గించడానికీ అదే మేలు. 1200 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పున్న బొమ్మను టికింటర్‌లోని సబ్‌శాంపుల్‌తో 120కి కుదిస్తే, అది ప్రతి పదో చుక్కనే ఉంచి మిగతావి వదిలేస్తుంది గనుక కాయ అంచు గరుకుగా కనిపిస్తుంది. పిల్లో చుట్టుపక్కల చుక్కల రంగులను కలిపి సగటు తీయగలదు.

అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ఫంక్షన్ (ప్రోగ్రాంలో ఒక పని చేసే చిన్న భాగం) లోపల బొమ్మను తెరిచి బటన్‌కు అప్పగిస్తే, ఏ తప్పూ చూపకుండానే బటన్ ఖాళీగా మిగులుతుంది. తెరమీద బటన్‌ను గీసేది టీకే. దానికి తెలిసింది 'పైఇమేజ్1' వంటి ఒక పేరు మాత్రమే. ఆ పేరు వెనకున్న బొమ్మ బాధ్యత పైథాన్ వస్తువుది (ఆబ్జెక్ట్‌ది). పైథాన్ ప్రతి వస్తువునూ ఎన్నిచోట్ల వాడుకుంటున్నారో లెక్క పెడుతూ ఉంటుంది. ఫంక్షన్ ముగిసి ఆ లెక్క సున్నాకు చేరగానే వస్తువును తొలగిస్తుంది, పోతూపోతూ ఆ వస్తువు టీకే దగ్గరున్న బొమ్మను కూడా చెరిపేయిస్తుంది. టీకే ఆ బొమ్మను వాడుతున్న సంగతి పైథాన్ లెక్కలోకి రాదు. కొత్తగా నేర్చుకునేవారిని ఇంతగా తికమకపెట్టే విషయం టికింటర్‌లో మరొకటి లేదనిపిస్తుంది. పరిష్కారం ఒక్క వరుసే: 'బటన్.ఇమేజ్ = బొమ్మ' అని రాస్తే, బటన్ ఉన్నంతకాలం లెక్క సున్నా కాదు.

బొమ్మతోపాటు 'బత్తాయి' అన్న అక్షరాలూ కనిపించాలంటే కాంపౌండ్ అనే అమరికకు 'టాప్' అని ఇవ్వాలి. లేకపోతే బొమ్మ ఒక్కటే కనిపిస్తుంది. అక్షరాల బటన్‌లో వెడల్పు 20 అంటే దాదాపు ఇరవై అక్షరాల చోటు, బొమ్మ చేరిన బటన్‌లో అదే 20 అంటే ఇరవై చుక్కలు. పాత అంకెను అలాగే వదిలితే కాయలో సన్నని చీలిక మాత్రమే కనిపిస్తుంది కనుక, దాన్ని 120కి మార్చుకోవాలి.