జులూలో పాడదామా?

పిల్లలూ,

దక్షిణాఫ్రికాలో జులూవాళ్లు మాట్లాడే జులూ భాషలో పాటల మాటలు నేర్పమన్నారు కదా. ముందు నాలుకకు కాస్త పని చెప్పాలి. ఏదైనా పనవ్వకపోతే మన పెద్దవాళ్లు "ప్చ్" అంటారు చూశారా? నాలుక కొనను పై పళ్ల వెనక ఆనించి చటుక్కున లాగితే వచ్చే చప్పుడు అది. మనకది మాట కాదు. జులూలో అది ఒక హల్లు, రోమన్ లిపిలో సి అక్షరంతో రాస్తారు. తెలుగులో దానికి అక్షరం లేదు కాబట్టి ఇక్కడ 'చ' అని రాస్తున్నాను. జులూ మాటలో చ కనబడితే నాలుకతో ఆ చప్పుడు చేసి, ఆగకుండా పక్కనున్న అచ్చు పలకండి. మొదట్లో అందరికీ టెన్షన్ అక్కడే!

'చూల' అంటే పాడు. మనం మాట చివర మారుస్తాం: పాడతాను, పాడదాం. జులూవాళ్లు ఎక్కువగా ముందు తగిలిస్తారు. ఙ్గియచూల అంటే నేను పాడుతున్నాను, సియచూల అంటే మేం పాడుతున్నాం. పాడేవాళ్లు ఆడైనా మగైనా ఉమ్చూలి, పదిమంది అయితే అబచూలి. సంగీతం ఉమ్చూలో. పాడదాం పదండి అనాలంటే మసిచూలే. చివరి నుంచి రెండో అక్షరాన్ని సాగదీయడం మరవకండి, మాటకు ఆ ఊపు వచ్చేది దాంతోనే.

గిటార్ ఇసిగీంచి. దాన్ని వాయించడాన్ని 'షాయ' అంటారు, అంటే కొట్టడం. మన కుర్రాళ్లు కూడా గిటార్ కొడతామనే అంటారుగా! అంతకన్నా పాతది ఉగూభు: ఒంటి తీగ విల్లుకు సొరకాయ బుర్ర కట్టి, తీగను పుల్లతో కొడతారు. జులూల రాజు దినుజులు కూతురు మగోగో (1900–1984) దాన్ని వాయిస్తూ పాడేవారు.

అయినా జులూ సంగీతంలో అసలు బలం గొంతుదే. ఒకరు పాట ఎత్తుకోవడం హ్లబేల, మిగతావాళ్లు అందుకోవడం వూమ. బుర్రకథలో కథకుడికి వంతలు పలికినట్టే. ఊళ్లు వదిలి గనులకూ ఫ్యాక్టరీలకూ వెళ్లిన మగవాళ్లు హాస్టళ్లలో ఇలాగే గుంపుగా పాడుకునేవారు. వాయిద్యాలు లేవు, అడుగుల చప్పుడు కూడా పెద్దగా ఉండదు. మునివేళ్ల మీద మెల్లగా కదులుతూ పాడతారు. అలా మెత్తగా నడవడాన్ని 'చథామ' అంటారు, అందుకే ఆ పాటల తీరుకు ఇసిచథమీయ అని పేరు. శనివారం రాత్రుళ్లు పోటీలు పెట్టుకుని తెల్లవార్లూ పాడేవారట. ఈ తీరును ప్రపంచానికి వినిపించింది జోసెఫ్ షబలాలా బృందం లేడీస్మిత్ బ్లాక్ మంబాజో. లేడీస్మిత్ ఆయన ఊరు, బ్లాక్ అంటే నలుపు, బలమైన నల్ల ఎద్దులకు గుర్తు, మంబాజో అంటే గొడ్డలి. పోటీకొచ్చిన వాళ్లను నరికేస్తాం అన్నమాట! పాటలు మాత్రం ఎంతో నెమ్మది. ఒకటి విని చూడండి.

1860 తర్వాత చెరకు తోటల పనికి ఓడలెక్కి వచ్చిన తెలుగువాళ్ల మునిమనవలు ఇప్పటికీ ఈ డర్బన్‌లో ఉన్నారు. మీరెప్పుడైనా వస్తే జులూ పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవకండి. మామ్మగారిని గోగో, పెద్దాయనను బాబా అనాలి. పాట నచ్చితే "కుమ్నాంది", బాగుందని. మళ్లీ పాడమని అడగాలంటే "ఙ్గిచేల ఉచూలే ఫూథి, గోగో". ఇందులో ఆ చప్పుడు రెండుసార్లు వస్తుంది, ముందే సాధన చేసి రండి.

ఇట్లు,
మీ డర్బన్ తాతయ్య