రోమన్ సైనికుడి కత్తికి ఖర్చు ఎవరిది?

క్రీ.శ. 193లో చక్రవర్తికి అంగరక్షకులైన ప్రిటోరియన్ కాపలాదళం పెర్టినాక్స్ చక్రవర్తినే చంపి సింహాసనాన్ని వేలానికి పెట్టింది. సిపాయికి 25,000 సెస్టర్సుల (రోమన్ నాణేల) చొప్పున ఒప్పుకున్న డిడియస్ జూలియానస్ పాట దక్కించుకున్నాడు. పరిస్థితి అక్కడిదాకా ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఆయుధాల ఖర్చు లెక్క చూడాలి.

తొలినాళ్ళలో ఎవరి ఆయుధం వారే తెచ్చుకోవాలి, అందుకే ఆస్తి ఉన్నవాడికే సైన్యంలో చోటు. క్రీ.పూ. 2వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాసినదాని ప్రకారం, 10,000 డ్రాక్మాలు (గ్రీకు నాణేలు) దాటిన ఆస్తిపరుడు ఇనుప గొలుసుల కవచం తొడిగేవాడు. మిగతావారికి గుండెల మీద జానెడు కంచు రేకే దిక్కు. అదనంగా ఆయుధం కావాలంటే జీతంలో కోత.

ఆ ఆయుధాల్లో పిలుమ్ అనే విసురు ఈటెది ప్రత్యేకమైన పనితనం. ములికి డాలుకు చిల్లు పెడితే, వెనకున్న సన్నటి ఇనుప కడ్డీ ఆ చిల్లులోంచి దూసుకుపోతుంది. క్రీ.పూ. 58లో సీజర్ సేనతో తలపడిన హెల్వెటీ తెగవాళ్ళ డాళ్ళు ఇలాగే ఒకదానికొకటి కుట్టుకుపోయాయి. ఈటె ఊడిరాక, ఎడమ చెయ్యి ఆడక, చాలామంది డాళ్ళు పారేసి వట్టి ఒంటితో పోరాడారు. చిక్కల్లా, విరగని ఈటెను శత్రువు తిరిగి విసరగలడు. అందుకే రోమన్ సేనాపతి మారియస్ కడ్డీని కర్రకు బిగించే రెండు ఇనుప చీలల్లో ఒకటి తీయించి కొయ్య చీల పెట్టించాడని గ్రీకు రచయిత ప్లుటార్క్ చెబుతాడు: తగలగానే కొయ్య విరిగి, కర్ర పక్కకు వేలాడుతుంది.

ఈ మారియస్సే క్రీ.పూ. 107లో సెంటు భూమి లేనివాళ్ళనూ చేర్చుకున్నాడు. యుద్ధం అయ్యాక వాళ్ళకు తిరిగి వెళ్ళడానికి పొలం లేదు. ఇప్పిస్తే సేనాపతే ఇప్పించాలి. క్రీ.పూ. 88లో మారియస్ ప్రత్యర్థి, సేనాపతి సుల్లా రోమ్ మీదికే కదిలితే, పెద్ద అధికారులు ఒక్కరు తప్ప అందరూ తప్పుకున్నారు, సిపాయిలు మాత్రం వెంట నడిచారు. తూర్పు యుద్ధంలో దక్కాల్సిన దోపిడీ సొమ్ము మారియస్ మనుషుల పాలవుతుందని వాళ్ళ భయం.

తొలి చక్రవర్తి అగస్టస్ దీనికి మందు వేశాడు. క్రీ.శ. 6లో సైనిక ఖజానా పెట్టి, దానికి 5 శాతం వారసత్వపు పన్ను కేటాయించాడు. ఇరవై ఏళ్ళ కొలువు ముగిస్తే చేతికి 12,000 సెస్టర్సులు. అది కాగితం మీది మాట. క్రీ.శ. 14లో డాన్యూబ్ నది పక్కనున్న పన్నోనియా రాష్ట్రంలో తిరగబడిన సిపాయిల ఫిర్యాదు వేరు: ముప్పై, నలభై ఏళ్ళు చాకిరీ, రోజుకు పది ఆస్‌లు (చిల్లర నాణేలు), బట్టలూ ఆయుధాలూ గుడారాలూ అందులోంచే.

జూలియానస్ రెండు నెలలు ఏలాడు. డాన్యూబ్ నుంచి దండెత్తి వచ్చిన సెప్టిమియస్ సెవెరస్ ఆ కాపలాదళాన్ని ఆయుధాలు లేకుండా రమ్మని, చుట్టుముట్టి, ఊరి నుంచి వెళ్ళగొట్టాడు. ఖాళీ అయిన చోట్లలో తన లీజియన్ల (సేనాదళాల) సిపాయిలనే నింపుకున్నాడు.