కుండీలో మొక్క వాడిపోతోందా? నీళ్ళు పోసే ముందు ఇది చదవండి (అపోహలు - వాస్తవాలు)

రాయగడలో నాకు చిన్న నర్సరీ ఉంది. టమాట, వంగ, మిరప నారు పెంచి కవర్లలో అమ్ముతాను. ఇటు పార్వతీపురం నుంచి అటు గుణుపూర్ దాకా జనం పట్టుకెళ్తారు. తొలకరి పడ్డ పది పదిహేను రోజులకి ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మొక్క తల వాల్చేసింది, రెండు పూటలా నీళ్ళు పోస్తూనే ఉన్నాం" అంటారు. ఆ రెండో మాట వినగానే నాకు సగం జబ్బు తెలిసిపోతుంది.

అపోహ: మొక్క వాడిందంటే నీళ్ళు చాలడం లేదు.

వాస్తవం: వేరుకి నీళ్ళతో పాటు గాలి కూడా కావాలి. మట్టి సందులన్నీ నీళ్ళతో నిండిపోతే వేరుకి ఊపిరాడదు, ఊపిరాడని వేరు నీళ్ళు లాగలేదు, అందుకే నీళ్ళలో నిలబడ్డ మొక్క కూడా ఎండకి మాడినదానిలాగే వాడిపోతుంది. పైకి రెండూ ఒకేలా కనబడతాయి కాబట్టి మనం ఇంకో చెంబు పోసి దాన్ని ముంచేస్తాం. వేలు రెండు కణుపుల లోతు దింపి చూడండి, లోపల తడి తగిలితే ఆ పూట నీళ్ళు వద్దు. కుండీని చేత్తో ఎత్తి చూడటం ఇంకా మంచిది, తడి కుండీ బరువేంటో పొడి కుండీ బరువేంటో నాలుగు రోజుల్లో చేతికి అలవాటైపోతుంది. మట్టి మురుగు కంపు కొడుతోందా, తెల్లగా ఉండాల్సిన వేళ్ళు గోధుమ రంగుకి తిరిగాయా, వేరుని రెండు వేళ్ళతో లాగితే పైతొక్క జారిపోయి లోపల దారం మిగులుతోందా? అయితే అది వేరుకుళ్ళు. ఎక్కువ నీళ్ళే దానికి దారి.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) వాడేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. అది బాగా ఎండిపోయిందంటే నీళ్ళని పీల్చుకోదు, పోసినవన్నీ అంచు వెంట జారి అడుగు చిల్లులోంచి పోతాయి. పైన తడి, కింద నీళ్ళు, మధ్యలో వేరు దగ్గర మాత్రం పొడి. అలాంటి కుండీని అరగంట నీళ్ళ టబ్బులో కూర్చోబెట్టండి.

అపోహ: మధ్యాహ్నం ఆకులు వాలితే వెంటనే నీళ్ళు పోయాలి.

వాస్తవం: మే నెల ఎండలో లేత వంగ మొక్క ఆకులు వాల్చడం మామూలే, వేరు లాగేదానికన్నా ఆకు వదిలే నీరు ఎక్కువవుతుంది. సాయంత్రానికి లేస్తే టెన్షన్ అక్కర్లేదు. పొద్దున్న ఆరింటికి చూడండి. అప్పుడు కూడా వాలే ఉంటే ఆలోచించాలి.

అపోహ: ఎండలో నీళ్ళు చల్లితే ఆకుల మీది బొట్లు భూతద్దంలా పనిచేసి ఆకుని కాల్చేస్తాయి.

వాస్తవం: 2010లో హంగరీ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూశారు. నున్నటి ఆకుల మీద బొట్లు అలా కాల్చలేదు. మన డాబాల మీద అసలు ప్రమాదం పైపు. ఎండలో పడున్న పైపులో మొదట వచ్చే నీళ్ళకి చెయ్యి పెట్టి చూడండి, చుర్రుమంటాయి. ఆ నీళ్ళు బకెట్లోకి వదిలేసి, చల్లబడ్డాకే మొక్కకి పెట్టండి. ఇంకొకటి నల్ల కవర్లు. పడమటి ఎండ తగిలేచోట పెట్టిన మిరప మొక్కని ఒకసారి కవరు కోసి చూశాను. తూర్పు వైపు వేళ్ళు తెల్లగా పాలలా ఉన్నాయి, ఎండ తగిలిన వైపు మాత్రం అదే మొక్క వేళ్ళు గోధుమ రంగులో ముట్టుకుంటే రాలిపోతున్నాయి. అప్పట్నుంచి కవర్లని ఒకదానికొకటి ఆనించి పెట్టి, పడమటి వైపు తడి గోనెపట్టా కడుతున్నాను.

అపోహ: అడుగున గులకరాళ్ళు పరిస్తే నీళ్ళు బాగా దిగుతాయి.

వాస్తవం: దిగవు. సన్నటి మట్టి పూర్తిగా నానేదాకా కిందున్న రాళ్ళలోకి నీరు వదలదు. దాంతో చెమ్మ నిలిచే పొర పైకి, వేళ్ళ దగ్గరికి జరుగుతుంది. చిల్లు మీద ఒక పెంకు ముక్క చాలు.

అపోహ: వాడిన మొక్కకి చిటికెడు యూరియా వేస్తే తేరుకుంటుంది.

వాస్తవం: దోసకాయ ముక్కలకి ఉప్పు జల్లితే నీరు ఊరుతుంది కదా, యూరియా పడితే వేరుకి కూడా అదే జరుగుతుంది, లోపలి నీరు బయటికి లాగేస్తుంది. పచ్చి పేడ కూడా వద్దు, బాగా మాగినదే వేయండి.

అపోహ: వాడిపోయే జబ్బు ఏదైనా కాపర్ మందు పోస్తే తగ్గుతుంది.

వాస్తవం: నారుకుళ్ళుకి (లేత నారు మొదలు దగ్గర కుళ్ళి పడిపోయే జబ్బుకి) లీటరు నీళ్ళకి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో పోస్తే పనిచేస్తుంది. బాక్టీరియా వడలు తెగులు పట్టిన మొక్కని మాత్రం అది బతికించలేదు. మా వైపు వేడికీ వానకీ ఇదే ఎక్కువ. మా వీధిలో పిన్నిగారు ఒకరు టమాట మొక్క తెచ్చి, "ఏటి బాబూ, నిన్న సాయంత్రం నవనవలాడింది, పొద్దున్నకి ఇలా అయిపోయింది" అన్నారు. ఆకు ఒక్కటి కూడా పండలేదు, పచ్చగానే వేలాడుతోంది. మొదలు దగ్గర రెండంగుళాల ముక్క కోసి గాజు గ్లాసు నీళ్ళలో కొస మునిగేలా పట్టుకున్నాను. రెండు మూడు నిమిషాలకి కోసిన చోటి నుంచి సన్నటి పాల దారం ఒకటి కిందికి దిగింది, దాని పక్కనే ఇంకొకటి. ఆ పాలే బాక్టీరియా. పిన్నిగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు, ఎరువు తక్కువైందేమో అని మళ్ళీ అడగలేదు.

ఈ దారం కనబడితే మందుల మీద డబ్బు పెట్టకండి. మొక్కని మట్టితో సహా తీసేయండి, కంపోస్టులో వేయొద్దు, ఆ మట్టిలో టమాట, వంగ, మిరప, బంగాళాదుంప ఏదీ మళ్ళీ పెట్టొద్దు, ఆ క్రిమి ఏళ్ళ తరబడి మట్టిలో బతుకుతుంది. కుండీ కింద పళ్ళెంలో కారిన నీళ్ళు పక్క మొక్కకి పోయకండి, కత్తిని స్పిరిట్‌తో తుడవండి. మళ్ళీ పెట్టేటప్పుడు రకం చూసుకోండి. భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ ఉత్కళ్ పల్లవి, ఉత్కళ్ కుమారి, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క రక్షక్ ఈ తెగులుని తట్టుకునే టమాటాలే. వంగలో అయితే ఉస్తికాయ మొక్క మీద అంటు కట్టినవి బాగా నిలబడతాయి. పిన్నిగారికి ఈసారి అలాంటివే రెండు ఇచ్చాను, కొత్త మట్టితో, కొత్త కుండీల్లో.