పాత ప్లేయర్ పియానోలో జత కుదరని భాగాలు: అపోహలు, వాస్తవాలు

ప్లేయర్ పియానో అంటే చిల్లులున్న కాగితపు రోల్‌ను బట్టి, లోపలి గాలి యంత్రం సక్షన్‌తో (గాలి పీల్పుతో) తనంతట తానే మోగే పియానో.

అపోహ: పియానో మీద ఒక నంబరు, లోపలి గాలి యంత్రం మీద ఇంకో నంబరు ఉంటే ఎవరో మార్చేశారు.

వాస్తవం: 1910, 1920 దశకాల్లో అమెరికాలో పియానోలు కట్టిన చాలా కంపెనీలు గాలి యంత్రాన్ని స్టాండర్డ్ న్యుమాటిక్ యాక్షన్ కంపెనీ లాంటి చోట కొని బిగించేవి. సుత్తుల యాక్షన్ (తీగలను కొట్టే యంత్రాంగం) వెసెల్, నికెల్ అండ్ గ్రాస్ లాంటి మరో చోటి నుంచి వచ్చేది. ఎవరి నంబర్ల వరస వారిది. పియానో వయసుకు పియానో నంబరే లెక్క.

తర్వాతి చేయి పడిందని చెప్పే గుర్తులు వేరు. ఖాళీగా మిగిలిన స్క్రూ చిల్లులు, ఎండిన తెల్ల జిగురు, ప్లస్ గుర్తు తల ఉన్న స్క్రూలు (ఇవి 1930ల మధ్యలో గానీ రాలేదు). ఫ్యాక్టరీ వాడిన చర్మపు జిగురు వేడి నీటి తడికి మెత్తబడుతుంది. ఇలాంటి గుర్తులేవీ లేకుండా రెండు రకాల భాగాలకూ ఒకే మురికి పట్టి ఉంటే, అవి ఫ్యాక్టరీలోనే కలిశాయనుకోవడం సబబు.

అపోహ: మిగులు సరుకుతో కట్టినది నాసిరకం.

వాస్తవం: 1923 ప్రాంతంలో ఉచ్చస్థితికి చేరిన అమ్మకాలు రేడియో రాకతో, 1929 పతనంతో కూలాయి. 1932లో ఏయోలియన్, అమెరికన్ పియానో కంపెనీలు కలిసిపోయాయి. అలా మిగిలిపోయిన మంచి భాగాలను వాడుకోవడంలో తప్పేముంది?

అపోహ: మూసేసిన చిల్లు కనిపిస్తే అక్కడ భాగం పోయినట్టే.

వాస్తవం: ఒకే పలకను రెండు మూడు మోడళ్లకు పనికొచ్చేలా తొలిచేవారు. ఉదాహరణకు ఆటోమేటిక్ పెడల్ లేని మోడల్లో దానికి వెళ్ళే గాలి దారి మూసేవారు. దాన్ని తెరిస్తే సక్షన్ కారిపోయి స్వరాలన్నీ నీరసిస్తాయి. ట్రాకర్ బార్‌లో (రోల్ చిల్లులను చదివే కడ్డీలో) రెండు వరసల చిల్లులుంటే అదీ కల్తీ కాదు. ఒకటి 65 స్వరాల రోల్‌కి (అంగుళానికి 6), రెండోది 88 స్వరాల రోల్‌కి (అంగుళానికి 9).

అపోహ: 88 వాల్వులూ ఒకే అచ్చు, అన్నిటికీ ఒకే మందం తోలు వేస్తే చాలు.

వాస్తవం: మరమ్మతులో ఎక్కువ స్టాకులు (స్వరానికొకటి చొప్పున వాల్వులు, తిత్తులు బిగించిన భాగం) చెడేది ఇక్కడే. రెండు దఫాల్లో తయారైన వాల్వులు ఒకే స్టాకులో ఉంటే బిళ్ళ మందం, సీటు (వాల్వు ఆనే చోటు) లోతు కొద్దిగా తేడాగా ఉంటాయి. విప్పకముందే మంద్రం వైపు నుంచి 1 నుంచి 88 దాకా పెన్సిల్‌తో అంకెలు వేయండి. ఒక్కో వాల్వు ఎంత లేస్తోందో డయల్ గేజ్‌తో కొలిచి రాసుకోండి. చాలా స్టాకుల్లో అది 0.8 నుంచి 1 మి.మీ. ఉంటుంది. ఎక్కువైతే వాల్వు సీటు మారేలోపు గాలి కారి, అదే స్వరం వెంటవెంటనే మోగదు. తక్కువైతే సుత్తిని కదిలించే తిత్తిలో గాలి త్వరగా బయటికి పోక సుత్తి దెబ్బ మెత్తబడుతుంది. కొత్త తోలు వేశాక వచ్చిన తేడాను పలుచటి కాగితపు రింగులతో, ఏ వాల్వుకు ఆ వాల్వుకే సరిచేయాలి.

బ్లీడ్ చిల్లులనూ (వాల్వు తిరిగి మూతపడేలా గాలిని కొద్దిగా వదిలే సన్నటి రంధ్రాలను) విడివిడిగా చూడండి. డ్రిల్ బిట్ వెనక కొనను దూర్చి కొలవండి, తొలవొద్దు. పూడిపోతే స్వరం పట్టుకుని వదలదు. మరీ పెద్దదైతే స్వరం ఆలస్యంగా మొదలవుతుంది.

తిత్తుల గుడ్డ కూడా అంతే. పాత గుడ్డ పీకకముందే ఏ తిత్తి ఎంత తెరుచుకుంటుందో కొలిచి, దానికి తగ్గట్టు పట్టీ కత్తిరించాలి. మార్చక తప్పని పాత భాగానికి స్వరం అంకెతో చీటీ కట్టి, సంచిలో వేసి పియానో అడుగునే ఉంచండి.